కొలత చెప్పని పేరు

మహబూబ్ బాషా ఎక్కించిన అంకెలో తప్పు లేదు. ఆ అంకెను చదివే ప్రోగ్రాము దాన్ని దేని కొలతగా తీసుకోవాలో బెంగళూరు ఆఫీసులో మార్చారు. మార్చిన సంగతి మెకానిక్కులకు చెప్పలేదు. సెట్టింగు పేరు మాత్రం పాతదే ఉంచారు. మడకశిర పక్క చీనీ (బత్తాయి) తోటల్లో మోటార్లు కాలిపోయాయి, బాషా ఉద్యోగం పోయింది. మార్చినవాళ్లకు ఏమీ కాలేదు. పైగా ఆ ప్రోగ్రాములో, ఆ సెట్టింగు వివరణ కింద, 'ఫీల్డ్ మెకానిక్కులు తప్పు విలువ ఎక్కించినందున మోటార్లు కాలినవి' అని ఒక వాక్యం రాసి పెట్టుకున్నారు. అది అబద్ధం. ఉద్యోగంలో ఉండగా చెప్పాను. దిగిపోయిన తర్వాత కూడా చెబుతూ వచ్చాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో, జీతం ఎంత పెంచారో మీకు పనికిరాదు. పని ఎలా ఉండేదో, ఎక్కడ చెడిందో చెబుతాను.

షెడ్డులో పని

అనంతపురం దాటాక బెంగళూరు రోడ్డు పక్కన మాదొక రేకుల షెడ్డు. వోల్టేజ్ రెగ్యులేటర్లు చేసేవాళ్లం. ఊళ్లలో దాన్ని స్టెబిలైజర్ అనే అంటారు. మావి ఎక్కువగా బోరు మోటార్ల కోసం. మా జిల్లాలో వాన ఎంత అరుదో వ్యవసాయ కరెంటు కూడా అంతే. త్రీఫేజ్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ప్రతి రైతూ ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టుకుని తన పని చూసుకుంటాడు. కరెంటు రాగానే ఆ లైను మీద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. వోల్టేజ్ కూలబడుతుంది. అప్పుడు రెగ్యులేటర్ దాన్ని కొంత ఎత్తి మోటారుకు ఇవ్వాలి. తన శక్తికి మించి పడిపోతే మోటారును ఆపేయాలి. ఆపకపోతే మోటారు కరెంటు ఎక్కువ లాగి, వేడెక్కి, లోపలి రాగితీగ చుట్టు, అదే వైండింగ్, కాలుతుంది.

ఎక్కడ ఆపాలి అనే హద్దును మొదట్లో స్క్రూ తిప్పి పెట్టేవాళ్లం. ఆ స్క్రూల పక్కన పెయింటుతో పేర్లు రాసింది నేనే. తొంభైల చివరికి స్క్రూలు పోయి చిప్పు ఉన్న సర్క్యూట్ బోర్డు వచ్చింది. చిప్పులో నడిచే ప్రోగ్రామును డ్రైవర్ అంటాం. ఏ రిలే, అంటే కరెంటు కలిపే స్విచ్చి, ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో అదే చూసుకుంటుంది. డ్రైవర్ అన్ని బోర్డులకూ ఒకటే. కానీ లేపాక్షి దగ్గరి తోటలో మోటారు వేరు, మడకశిరలో వేరు. అలా తోటకొక రకంగా మారేవాటిని డ్రైవర్ బయట పెట్టి ఒక్కోదానికి ఒక పేరు, ఒక విలువ ఇచ్చేవాళ్లం. మెకానిక్ దగ్గర చిన్న కీప్యాడ్ పెట్టె ఉంటుంది. దాని వైరు బోర్డుకు గుచ్చి, తెర మీద పేరు చూసి, అంకె కొడతాడు. డ్రైవర్ లోపల ఏముందో వాడికి కనపడదు. వాడికి కనిపించేది ఆ పేరు ఒక్కటే.

ఆ పేర్లు పెట్టే పని నాకు వచ్చింది. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. రేడియోలు బాగుచేస్తూ, విడిభాగాలతో వచ్చే ఇంగ్లీషు కాగితాలను డిక్షనరీ పెట్టుకుని చదువుతూ ఈ విద్య పట్టుకున్నాను. మా ఓనరు ఓబులేసు గారికి అదంతా పట్టలేదు.

"స్క్రూల కాడ పేర్లు రాసినోనివి నువ్వే గదా అంజప్పా, దీంట్లో గూడా నువ్వే రాయి. పేర్లకేముండాది, సాయంత్రం టీ తాగేలోపల అయిపోతాది" అన్నాడు.

ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా నాకు అది అయిపోలేదు.

బాషా నేర్పినది

బాషా మా ఫీల్డ్ మెకానిక్. మడకశిర వైపంతా అతనిదే. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడేవాడు. ఆ పక్క ఊళ్లలో అది చాలా అవసరం.

కరెంటు వచ్చాక మోటారు కొంచెం ఆగి లేవాలి. ఆ ఆగే సమయానికి నేను 'వెయిట్' అని పేరు పెట్టాను. ఒక మధ్యాహ్నం బాషా ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, ఈ వెయిట్ అనేది సెకన్లా, నిమిషాలా?"

"సెకన్లప్పా."

"అట్లయితే ఆ మాట దాంట్లోనే రాయొచ్చు గదన్నా. ప్రతి బోరు కాడా నేను ఫోన్ బూతు యాడ వెదికేది?"

నేను నవ్వాను గానీ అదే నెలలో ఇంకొక మెకానిక్ దాన్ని నిమిషాలనుకుని ఐదు కొట్టి వచ్చాడు. ఆ ఊళ్లో మోటార్లన్నీ ఐదు సెకన్లకే లేచాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. ఊరంతా మా షెడ్డు మీదికి ట్రాక్టరులో వచ్చింది.

అప్పటినుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పేరు చూస్తే మూడు సంగతులు తెలియాలి. ఏం కొలుస్తున్నాం, ఎక్కడ కొలుస్తున్నాం, ఏ లెక్కలో. 'వెయిట్' కాస్తా 'స్టార్ట్-వెయిట్-సెకన్లు' అయింది. మోటారు ఆపే హద్దుకు 'ఫేజ్-న్యూట్రల్-లో-వోల్ట్' అని పెట్టాను. నోరు తిరగని పేరే, ఒప్పుకుంటాను. కానీ అందులో ఒక్క ముక్క తీసేసినా కుదరదు.

ఎందుకో చెబుతాను. మోటారుకు మూడు ఫేజుల వైర్లు వస్తాయి. వాటితోపాటు న్యూట్రల్ అని ఒకటి ఉంటుంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కొలిస్తే రెండు వందల నలభై వోల్టులు ఉండాలి. రెండు ఫేజుల మధ్య కొలిస్తే నాలుగు వందల పదిహేను ఉండాలి. అదే లైను, అదే క్షణం. మీటరు పుల్లలు ఎక్కడ పెట్టావన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. కాబట్టి 'తక్కువ వోల్టేజ్ నూట తొంభై' అంటే సగం మాటే. ఎక్కడ నూట తొంభై అని అడగాలి.

మురళీధర్ సార్

మాకు బోర్డులు చేసి పంపేది, వాటికి డ్రైవర్ రాసేది బెంగళూరు ఆఫీసు. కొన్నాళ్లకు అక్కడికి మురళీధర్ అనే ఇంజనీరు వచ్చాడు. అతని మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు. అయినా పని తెలిసినవాడని చెప్పకపోతే అన్యాయం. షెడ్డుకు వస్తే నేలమీద కూర్చుని బోర్డు చూసేవాడు. నన్ను 'గారూ' అనకుండా ఎప్పుడూ పిలవలేదు. అతనికున్న జబ్బల్లా ఒకటే, అన్నీ పొట్టిగా, నీటుగా ఉండాలి.

"ఆంజనేయులు గారూ, కీప్యాడ్ తెరమీద పదహారు అక్షరాలే పడతాయి. మీ పేరు పాకుతూ పోతోంది. చదివేసరికి కళ్లు తిరుగుతున్నాయి" అని 'ఫేజ్-న్యూట్రల్-లో-వోల్ట్'ను 'లో-లిమిట్' చేశాడు.

"దేని లిమిట్టు సార్? యాడ కొలిచేది?"

"మెకానిక్కులందరికీ తెలుసు కదండీ."

"ఇప్పుడుండే వాళ్లకు తెలుసు. రేపొచ్చే వానికి?"

"రేపొచ్చేవాడికి చెప్పడానికి మీరున్నారుగా."

అందరూ నవ్వారు. పేరు మారినా కొలత మారలేదు కాబట్టి నేను గట్టిగా పట్టుకోలేదు. మెకానిక్కులు కూడా సంతోషపడ్డారు, తొందరగా అయిపోతుందని. బాషా చేతికి 'లో-లిమిట్' అంటే నూట తొంభై అని అలవాటైపోయింది.

తర్వాత కొత్త బోర్డు వచ్చింది. మా పల్లెల్లో న్యూట్రల్ వైరును నమ్మడానికి లేదు. గాలికి తెగుతుంది. తెగితే రైతు నేలలో ఒక ఇనుప కడ్డీ దిగ్గొట్టి, దానికి వైరు చుట్టి అదే న్యూట్రల్ అంటాడు. ఎండాకాలం నేల ఎండిపోతే ఆ కడ్డీ కాడ కొలత పిచ్చిపిచ్చిగా ఊగుతుంది. అందుకని మురళీధర్ కొత్త బోర్డులో న్యూట్రల్‌నే తీసేశాడు. రెండు ఫేజుల మధ్య కొలిచేటట్టు చేశాడు. చాలా మంచి ఆలోచన. నేను ఆ మాట అతనితో అన్నాను కూడా. అదే నోటితో, కొలిచే చోటు మారింది కాబట్టి పేరూ మారాలని అన్నాను.

"పేరు మారిస్తే కీప్యాడ్లన్నిటిలో చిప్పు మార్చాలండీ. సీజన్ వచ్చేసింది. పాత లెక్కలో విలువ ఎక్కిస్తే డ్రైవరే గుర్తుపట్టి కొత్త లెక్కలోకి మార్చుకుంటుంది. ఆ భాగం నేను రాస్తాను. మీరు మెకానిక్కులకు ఏమీ చెప్పొద్దు, రెండు లెక్కలు చెబితే గందరగోళ పడతారు."

నేను నమ్మాను. బోర్డులు బయటికి పోయాయి. అతను రాస్తానన్న భాగం మాత్రం తరువాతి వెర్షన్‌కు వాయిదా పడింది. ఆ సంగతి షెడ్డుకు ఎవరూ చెప్పలేదు.

నారాయణరెడ్డి తోటలో

ఆ ఎండాకాలం మడకశిర వైపు వరసగా మోటార్లు కాలాయి. మా రెగ్యులేటర్ పెట్టినవే కాలాయి. ఓనరు నన్ను పొమ్మంటే బస్సు దిగి, బాషా బండి మీద నారాయణరెడ్డి అనే రైతు తోటకు పోయాను. చీనీ చెట్లు. కాయ గోలీలంత ఉంది. ఆ దశలో నీళ్లు ఆగితే చెట్టు కాయను రాల్చేస్తుంది. చెట్ల కింద నేలంతా పచ్చని పిందెలు.

నారాయణరెడ్డి నన్ను చూడనే లేదు. బాషా మీదికే పోయాడు.

"ఏమప్పా బాషా, మోటారును కాపాడే పెట్టె అని తెచ్చి మోటారునే కాల్చితివి గదరా!"

"రెడ్డీ, నూట తొంభై పెట్టినా. ఎప్పుడూ పెట్టేదే."

"నీ నూట తొంభై నా చెట్లు తాగుతాయా?"

మోటారును పైకి తీసి వైండింగ్‌కు పంపేశారు. బోర్డు మాత్రం గోడకు ఉంది. కరెంటు ఉన్న సమయమే. లైను బాగా డౌనుగా ఉంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మీటరు నూట డెబ్బై చిల్లర చూపించింది. నూట తొంభై హద్దు అయితే బోర్డు ఎప్పుడో కట్ చేసి ఉండాలి. చేయలేదు. రిలే హాయిగా అంటుకుని కూర్చుంది.

నేను కీప్యాడ్ తీసుకుని లో-లిమిట్‌ను కొంచెం కొంచెం పెంచుతూ పోయాను. రెండు వందలు. రెండు వందల యాభై. కదలదు. బాషా నా భుజం మీదుగా చూస్తున్నాడు. మూడు వందలు దాటి, రెండు ఫేజుల మధ్య మీటరు చూపిస్తున్న అంకె దగ్గరికి రాగానే టక్కున రిలే విడిపోయింది.

"ఇది రెండు ఫేజుల మధ్య కొలుస్తాంది బాషా" అన్నాను.

"అంటే నేను ఎంత పెట్టల్ల?"

"మూడు వందల ముప్పై."

"పేరు అదే ఉండాది గదన్నా?"

"అదే ఉండాది."

"మల్ల నాకెట్ల తెలుస్తాది?"

నేను కీప్యాడ్‌లో మూడు వందల ముప్పై కొట్టి, వైరు పీకేశాను.

నారాయణరెడ్డి మీటరు వైపు, మా మొహాల వైపు చూశాడు. "మీరు మీరు ఏమన్నా మాట్లాడుకోండి. నాకు నీళ్లు యాడ?" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. మాకు తప్పు దొరికింది, అతనికి దానివల్ల ఒక్క చుక్క రాలేదు.

ఎవరినో ఒకరిని చూపించాలి

షెడ్డులో పంచాయితీ పెట్టారు. బెంగళూరు నుంచి మురళీధర్ వచ్చాడు. నేను మీటరు లెక్కలతో సహా జరిగింది చెప్పాను. అతను తల దించుకుని విన్నాడు. ఆ తర్వాత, "విలువ ఎక్కించేముందు కొత్త మాన్యువల్ చూసుకోవాలి కదా" అన్నాడు. కొత్త మాన్యువల్ అప్పటికింకా అచ్చయి షెడ్డుకు రాలేదు. ఆ మాట అన్నాను. అతను కిటికీ వైపు చూశాడు.

ఓబులేసు గారు నన్ను బయటికి పిలిచి, వేపచెట్టు కింద బీడీ ముట్టించి, దాచకుండా చెప్పాడు. అందుకు మాత్రం ఆయన్ను మెచ్చుకోవాలి.

"రైతులకు ఎవరినో ఒకరిని చూపియ్యల్ల అంజప్పా. బెంగళూరు సార్‌ను చూపిస్తే రేపు మనకు బోర్డులు ఎవురు చేసేది? బాషాను చూపిస్తే ఇంకొక బాషా వస్తాడు."

"తప్పు వానిది కాదని మీకు తెలుసు గదన్నా."

"తెలుసు. అందుకే నీతో మాట్లాడతాండా. లేకుంటే నీతో మాత్రం ఎందుకు చెప్తా?"

బాషా ఆ సాయంత్రమే కీప్యాడ్ అప్పగించి పోయాడు. ఇంకొక చోట పని వెతుక్కోవచ్చు అనుకుంటాం. మెకానిక్కు ఊళ్లలో ఉండేది పేరొక్కటే. అక్కడ 'మోటార్లు కాల్చిన బాషా' అయిపోయాడు. బోరు దగ్గర నిలబడితే రైతు స్టార్టర్ పెట్టె మూత మూసేవాడు. చివరికి మడకశిర బస్టాండు వెనక మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే బంకు పెట్టుకున్నాడు.

మురళీధర్ ఏం చేశాడంటే, మూడు వందల కంటే తక్కువ కొడితే డ్రైవర్ తీసుకోకుండా ఒక అడ్డు పెట్టాడు. మంచిదే. పేరు మాత్రం 'లో-లిమిట్' గానే ఉంచాడు. ఆ అడ్డు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పే వివరణలో, మొదట్లో నేను చెప్పిన ఆ వాక్యం రాశాడు. తీసేయమని అడిగాను. వచ్చే వెర్షన్లో చూద్దామన్నాడు. ప్రతి వెర్షన్‌కూ అదే మాట. అతను వేరే కంపెనీకి పోయాడు, వాక్యం ఉండిపోయింది. బోర్డు డిజైను మారింది, చిప్పు మారింది, షెడ్డు రేకులు మారాయి. ఆ వాక్యాన్ని మాత్రం ప్రతిసారీ జాగ్రత్తగా కొత్తదానిలోకి ఎక్కించుకున్నారు.

మీకు చెప్పేది

పేర్లు పెట్టే పని ఎవరికీ ఇష్టముండదు. దానికి మెచ్చుకోలు రాదు. బాగా పెడితే ఎవరికీ తెలియదు. అయినా మీ వంతు వచ్చినప్పుడు టీ తాగేలోపల చేయొద్దు.

డ్రైవర్ లోపల ఏం చేస్తుందో చెప్పే పేరు పెట్టొద్దు, అది రేపు మారుతుంది. వైరు మీద ఉన్న సంగతిని చెప్పండి. వోల్టా, మిల్లీవోల్టా, సెకనా, నిమిషమా పేరులోనే ఉండనీయండి. తెర చిన్నదైతే తెర మార్చమని పోట్లాడండి. బయటికి పోయిన పేరుకు అర్థం మార్చొద్దు. అర్థం మారిందా, కొత్త పేరు పెట్టండి, పాత పేరు పాత అర్థంతోనే బతకనీయండి. రెండు పేర్లు ఉంటే చూడ్డానికి వికారంగా ఉంటుందని మీ సార్ అంటాడు. ఉండనీయండి. కాలిన మోటారు ఇంకా వికారంగా ఉంటుంది.

'డ్రైవరే చూసుకుంటుంది' అని ఎవరైనా అంటే, ఆ భాగం మీ కళ్లతో నడిచిందాకా బోర్డు బయటికి పంపొద్దు. సీజన్ అంటారు. సీజన్ ప్రతి ఏడూ వస్తుంది.

ఇవన్నీ నేను మురళీధర్‌కు చెప్పాను. అతనికి అర్థం కాక కాదు. అర్థమయ్యీ తొందరలో వదిలేస్తారు. దాని ఫలితం ఎండలో నిలబడినవాడి మీద పడుతుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

రాసిన ఉత్తరాలకు

దిగిపోయిన తర్వాత ఒకసారి మడకశిర పోయాను. బాషా ఒక మిక్సీని ఒళ్లో పెట్టుకుని బ్రష్షులు మారుస్తున్నాడు. గడ్డం తెల్లబడింది. ఆ వాక్యం తీయించే వరకూ వదలనని చెప్పాను.

"దాన్ని తీసేస్తే నాకేమొస్తాదన్నా? ఎవురు చదువుతారు దాన్ని?"

"ఆ డ్రైవర్ మీద పనికి కొత్తగా వచ్చే ప్రతి ఒక్కడూ చదువుతాడు."

"వాళ్లు మడకశిరకు వస్తారా?"

"రారు."

"మల్ల?" అని నవ్వాడు. మిక్సీ బిగించి, స్విచ్చి వేసి, అది తిరుగుతుంటే దాని వైపే చూస్తూ అన్నాడు. "అయినా రాయన్నా. ఊరికే ఉంటే నాకు గూడా అదే నిజమేమో అనిపిస్తాండాది. ఒక్కోసారి నిద్రలేచి, ఆ దినం నేను ఏమన్నా వేరే అంకె కొట్టినానా అని ఆలోచన చేస్తా."

అనంతపురంలో ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, ఒంటి వేలితో కొట్టి, బెంగళూరు ఆఫీసుకు మెయిల్ పంపాను. జవాబు లేదు. మళ్లీ పంపాను. ఒకసారి 'మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు' అని యంత్రం పంపిన జవాబొచ్చింది. మళ్లీ పంపాను. వాక్యం తీసేయండి, నిజం రాయండి, బాషా పేరు పెట్టి అతని తప్పు లేదని రాయండి అని అడిగాను. సెంటరు నడిపే ఆయన నన్ను చూడగానే "లో-లిమిట్ తాత వచ్చినాడు" అనే వరకూ వచ్చింది.

ఈమధ్య జవాబు వచ్చింది. ఇప్పుడు ఆ డ్రైవర్‌ను చూసుకుంటున్న శ్వేత అనే ఇంజనీరు రాసింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకు చేతనైన తెలుగులో పెడుతున్నాను.

"నమస్తే సర్. మీ మెయిళ్లన్నీ చదివాను. పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మీరు చెప్పినదే నిజం. ఆ వాక్యం తీసేశాను. దాని స్థానంలో ఇలా రాశాను. 'ఈ విలువ పాత బోర్డులలో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజ్. కొత్త బోర్డులలో రెండు ఫేజుల మధ్య వోల్టేజ్. అర్థం మార్చినప్పుడు పేరు మార్చలేదు, ఫీల్డుకు తెలియజేయలేదు. మోటార్లు అందువల్ల కాలినవి. మెకానిక్ ఎక్కించిన విలువ సరైనదే.' బాషా గారి పేరు కూడా రాయమని అడిగారు. వివరణలలో మనుషుల పేర్లు పెట్టకూడదని మా ఆఫీసు నియమం. నేను అడిగి చూశాను, ఒప్పుకోలేదు. అందుకని మెకానిక్ అని మాత్రమే ఉంది. ఆయనకు మీరే చెప్పండి, సర్."